సిగరెట్ తాగనివాడి అగ్గిపెట్టె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరు. సిగరెట్ పొగ తగిలేదీ ఆ ముక్కుకే కాబట్టి నాకూ దానికీ ఏనాడూ పొసగలేదు. బస్సులో ఎవరైనా బీడీ ముట్టిస్తే కిటికీ తెరవడంతో ఊరుకోకుండా నోరూ తెరిచేవాడిని. అలాంటి నేను కొన్నేళ్ళపాటు రోజూ చొక్కా జేబులో అగ్గిపెట్టె వేసుకొని యూనివర్సిటీకి వెళ్ళాను. ఆ అగ్గిపెట్టె లేకపోతే అక్కడ నాకు మనుషులే లేరని గట్టిగా నమ్మాను.

మాది సంగారెడ్డిలో కిరాణా దుకాణం, తాతల నాటిది. దుకాణంలో కూర్చుంటే నాకు మాటలకు కొదవ ఉండదు. గల్లా అవతల ఎవరు నిలబడ్డా ఏదో ఒకటి అడగడానికే వస్తారు, మనం ఇవ్వడానికే కూర్చుంటాం. చిక్కంతా దుకాణం దిగితేనే. ఎవరూ ఏమీ అడగని చోట నలుగురి మధ్యకు వెళ్ళి నిలబడటం నాకు చేతకాదు. కోపమొస్తే గొంతు లేస్తుంది గానీ, ఊరికే పలకరించాలంటే మాట పెగలదు.

రుద్రారం దగ్గర హైవే పక్కనున్న యూనివర్సిటీలో, పరీక్షల విభాగంలో నాకు ఉద్యోగం దొరికింది. తలుపు మీద 'ఇతరులకు ప్రవేశం లేదు' అన్న బోర్డు, లోపల సీలు వేసిన కట్టలు, వాటికంటే గట్టిగా సీలు వేసుకున్న నోళ్ళు. మా విభాగం పెద్దాయన "ఊఁ" అన్నాడంటే ఆ పూటకు అదే ఉపన్యాసం. మొదటి రోజు మధ్యాహ్నం ఒంటరిగా టిఫిన్ తిని, నీళ్ళ కోసం వర్క్‌షాప్ వెనక్కి వెళ్ళాను. అక్కడ కూలర్, దాని అవతల ఒక కానుగ చెట్టు, చెట్టు నీడలో ముగ్గురు మనుషులు, పొగ, నవ్వులు. పొగ చూసి వెనక్కి తిరగాల్సినవాడిని, నవ్వులు విని ఆగిపోయాను.

ముగ్గురిలో ఒకాయన వెలిగించని సిగరెట్ పెదాల మధ్య పెట్టుకొని నా వైపు చూశాడు. "తమ్మీ, అగ్గిపెట్టె ఉన్నదా?" అన్నాడు.

నా జేబులో నిజంగానే ఉంది. పొద్దున దుకాణంలో దేవుడి పటం ముందు దీపం పెట్టి, బస్సు అందుకునే తొందరలో అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాను. తీసి ఇచ్చాను. ఇచ్చినవాడిని పొమ్మనరు కదా, గంట మోగేదాకా అక్కడే నిలబడ్డాను. అడిగినాయన పటాన్‌చెరు నుంచి స్టాఫ్ బస్సు నడిపే డ్రైవరు, చిట్కుల్ ఊరి మనిషి. మిగతా ఇద్దరిలో ఒకాయన ఫిజిక్స్ చెప్పే పెద్ద సారు, ఇంకొకాయన పటేల్‌గూడ నుంచి వచ్చే వర్క్‌షాప్ ఫిట్టరు. నాది ఏ వ్యాపారమో తెలిసిన మరుక్షణం నాకు 'సేటు' అని పేరు పెట్టేశారు.

మర్నాటి నుంచి అగ్గిపెట్టె కావాలనే తీసుకెళ్ళాను. వాళ్ళు రోజూ అడిగేవాళ్ళు, నేను రోజూ ఇచ్చేవాడిని. వానాకాలంలో పుల్లలు మెత్తబడకుండా పాలిథిన్ కవరులో చుట్టి మరీ పట్టుకెళ్ళేవాడిని. గాలికి ఎదురుగా నిలబడి, దగ్గుతూ, పొగను తిడుతూ, కడుపుబ్బ నవ్వేవాడిని. డ్రైవరన్న ఇస్నాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతిసారీ ఒక కథ తెచ్చేవాడు. బిహార్ లారీ డ్రైవరుతో తను పెట్టుకున్న తగాదాను తన హిందీలోనే చెప్పేవాడు. ఆ హిందీకి ఫిట్టరన్న తప్పులు దిద్దేవాడు, ఆయన హిందీ మరీ అధ్వానం. ఇద్దరికీ మధ్యవర్తిత్వం చేయబోయి సారు ఇంకా చెడగొట్టేవాడు.

సాయంత్రం ఇంటికెళ్తే మరో పరీక్ష. నా చొక్కా వాసన చూసి మా ఇంటావిడ నోరు తెరిచి ఊదమనేది. ఊదేవాడిని. నోట్లో వాసన లేదు, జేబులో మాత్రం అగ్గిపెట్టె ఉంది. "సిగరెట్ తాగనోనికి అగ్గిపెట్టె ఎందుకయ్యా?" అని అడిగేది. మనుషుల కోసమని చెబితే, ఆ మనుషులు ఆడవాళ్ళా మగవాళ్ళా అని ఇంకో ప్రశ్న వేసేది.

ఇట్లా సాగుతుండగా సర్క్యులర్ వచ్చింది. క్యాంపస్ అంతటా పొగ తాగడం నిషేధం. సోమవారం నుంచి అగ్గిపెట్టెలూ లైటర్లూ గేటు దగ్గరే వదిలి లోపలికి రావాలి. మీటింగ్ పెట్టి చదివి వినిపించారు. మంచి పని అని అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాలి, కొట్టాను కూడా. పిల్లల ఊపిరితిత్తులు బాగుంటాయి, కానుగ చెట్టు కింద సిగరెట్ పీకలు ఉండవు, అంతా నిజమే. ఎప్పుడూ మాట్లాడని మా పెద్దాయన కూడా నా వైపు తిరిగి, నీకు పండగే కదయ్యా అన్నాడు. చుట్టుపక్కల కంపెనీల పొగకు సర్క్యులర్ ఎవరిస్తారని ఫిట్టరన్న వెనక నుంచి గొణిగితే హాలంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అగ్గిపెట్టె లేని నన్ను ఆ చెట్టు కిందికి ఎవరు పిలుస్తారు? ఏమని వెళ్ళి నిలబడాలి? సిగరెట్లు మానాల్సింది వాళ్ళు, దిగులంతా నాకు.

సోమవారం పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఖాళీ రంగు డబ్బా ఒకటి పెట్టి నిలబడ్డాడు. నేను ఆర్టీసీ బస్సు దిగేసరికి స్టాఫ్ బస్సు కూడా ఆగి ఉంది, దిగినవాళ్ళంతా వరసలో ఉన్నారు. మావాళ్ళు ముగ్గురూ ముందున్నారు, వాళ్ళ వెనక నేను. డ్రైవరన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఎర్ర లైటరు తీసి డబ్బాలో పడేశాడు. ఫిట్టరన్న టార్చి లైటున్న లైటరు తీశాడు. పెద్ద సారు బ్యాగు లోపలి అరలోంచి ఇత్తడి లైటరు తీశాడు. వాడి వాడి నున్నగా అరిగిపోయిన లైటరది. కొత్తగా కొన్నది కాదని చూడగానే తెలుస్తోంది.

నా ఒళ్ళు మండిపోయింది. మూడు జేబుల్లో మూడు లైటర్లు పెట్టుకొని, ఇన్నేళ్ళూ నాతో అగ్గిపెట్టె మోయించారా? వానలో కవరు చుట్టి తెస్తుంటే లోపల్లోపల నవ్వుకున్నారా? నా అగ్గిపెట్టె డబ్బాలో విసిరికొట్టి, ఎవరి మొహమూ చూడకుండా పోయి నా కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం కూలర్ వైపు వెళ్ళలేదు. టిఫిన్ కూడా సగమే తిన్నాను.

కాసేపటికి మా కిటికీ అవతల మూడు తలకాయలు లేచాయి. లోపలికి రావడానికి వీల్లేదు కదా, ఊచలు పట్టుకొని నిలబడ్డారు. సేటు ఎందుకు రాలేదని అడిగారు. నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, మా పెద్దాయన వింటున్నాడని కూడా చూడకుండా కడిగేశాను. "అందరి జేబుల్ల లైటర్లున్నయి. మరి నన్నెందుకు అడిగిన్రు? నేనేమన్న జోకర్‌నా మీకు?"

డ్రైవరన్న ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి నా భుజం పట్టుకున్నాడు.

"ఏం జెయ్యమంటవ్ సేటూ? మొదటి దినం నువ్వు కూలర్ కాడ ఒక గిలాస నీళ్ళు తాగినవ్. జెరసేపాగి ఇంకోటి తాగినవ్. నీకు దూప లేదు, మా దిక్కు రావాల్నని ఉన్నది, కాళ్ళు వస్తలేవు. నీ జేబుల ఏమున్నదో తెల్వకనే అడిగిన. అగ్గిపెట్టె లేకుంటె టైం అడుగుదుం. ఇగ తెల్లారి నువ్వే తెస్తివి, వానలల్ల కవరుల చుట్టుకొని తెస్తివి, వద్దని ఎట్లంటం?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొదటి రోజు మిగతా ఇద్దరి చేతుల్లో సిగరెట్లు వెలుగుతూనే ఉన్నాయి. పక్కవాడి నిప్పుతో అంటించుకోవచ్చు కదా అన్న ఆలోచన ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ రాలేదు.

"ఒకనాడు మరిచిపోయి నా లైటర్ బయటికి తీసిన. ఫిట్టర్ నా కాలు తొక్కిండు, ఇంకా నొప్పి ఉన్నది," అన్నాడు పెద్ద సారు.

ముందు నవ్వింది ఎవరనుకున్నారు? మా పెద్దాయన. వెనక కుర్చీలోంచి ఆయన నవ్వు వినిపించేసరికి మేం నలుగురం బిత్తరపోయాం. పోయి నిలబడు, పని నేను చూస్తానని ఆయన నాతో అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. సంతోషంతోనే, దాచుకోవడం దేనికి. ఆ సాయంత్రం ఇంటావిడకు జరిగిందంతా చెబితే చొక్కా వాసన చూడటం మరిచిపోయి రెండోసారి చెప్పించుకుంది.

ఇప్పుడు కానుగ చెట్టు కింద పొగ లేదు. సారు సిగరెట్ మానేశాడు. సంకల్పబలం కాదు, గేటు దాకా నడవడానికి బద్ధకమని ఆయనే ఒప్పుకుంటాడు. ఫిట్టరన్న ఇంకా రోజుకొకసారి గేటు దాటి రోడ్డవతలికి పోయి వస్తాడు, వచ్చాక అందరం తిడతాం. డ్రైవరన్న మేకలా పొద్దంతా సోంపు నములుతూ ఉంటాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళకూ అలవాటైంది. మా దుకాణం సోంపే, పొట్లాలు కట్టి నేనే తెస్తాను. లైబ్రరీ మేడమ్‌లు కూడా టిఫిన్లతో అక్కడికే వస్తున్నారు. ఆ నీడ మీద ఎప్పటినుంచో మనసున్నా మీ పొగకు భయపడి రాలేదని చెప్పారు. వాళ్ళ హిందీ మా అందరికంటే మెరుగు, అదొక్కటే కష్టంగా ఉంది.

మొన్న అకౌంట్స్‌లో కొత్తగా ఒకామె చేరింది. మధ్యాహ్నం కూలర్ దగ్గర కనిపించింది. ఒక గ్లాసు నీళ్ళు తాగింది. ఫోన్ చూసుకుంది. మా నవ్వులు వినబడుతుంటే ఇటోసారి చూసి, ఇంకో గ్లాసు పట్టుకుంది.

నా జేబులో పొద్దున కట్టిన సోంపు పొట్లం నిండుగా ఉంది. దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకొని రెండడుగులు ముందుకు వేశాను.

"మేడం, మీ దగ్గర జెర సోంపు ఉన్నదా?"

ఆమె కంగారుగా బ్యాగంతా వెతికి, సోంపు లేదు, ఇలాచీ ఉంది పర్వాలేదా అని అడుగుతూ మా నీడలోకి వచ్చింది. నా వెనక ముగ్గురూ చప్పుడు చేయకుండా తమ పొట్లాలు జేబుల్లోకి తోసేసుకొని, ఒకరి తర్వాత ఒకరు ఇలాచీకి చెయ్యి చాపారు.