పెండిల్ హిల్ ఓట్లన్నీ నావే

మొన్న టీవీలో అమెరికా ఎన్నికల పటం ఎర్రగా, నీలంగా వెలుగుతుంటే, అక్కడ దేశం మొత్తంమీద ఎక్కువ ఓట్లు వచ్చినవాడు కూడా ఓడిపోవచ్చని మా మనవరాలికి చెప్పాను. "దట్స్ సో అన్‌ఫెయిర్, తాతయ్యా! హూ మేడ్ దట్ రూల్?" అంది. అక్కడ ఎవరు పెట్టారో గాని, సిడ్నీలో మా తెలుగు సంఘానికి దాన్ని తెచ్చి తగిలించింది మాత్రం మా బావమరిదే.

సంఘం పుట్టిన నాటినుంచి కుర్చీలు మోసి, ఉగాది పచ్చడి కలిపిన నేను అధ్యక్షుణ్ణి కావాలనుకోవడంలో తప్పేముంది? ఆ మాట ఇంట్లో అన్న వారంలోనే, అమెరికాలో కొన్నేళ్ళుండి వచ్చిన అతను కూడా పోటీకి దిగాడు. పేటకొక ఓటు, పేటలో ఎవరిది పైచెయ్యి అయితే ఆ ఓటు వాళ్ళదే అన్న నిబంధన కూడా అప్పుడే పుట్టింది. సరిగ్గా దానిమీద సంఘం సమావేశం పెట్టిన రోజునే మా అత్తగారు ఇండియా నుంచి దిగుతున్నారు. "బావా, సెక్రటరీని కదా, మీటింగ్ వదిలి రాలేను. అమ్మని మీరు పికప్ చేసుకోండి, ప్లీజ్" అని ఫోను. కన్నతల్లి కోసం తీరికలేని కొడుకు! కస్టమ్స్ వాళ్ళు ఆవిడ ఊరగాయ సీసాలను ఎప్పుడు వదులుతారా అని నేను ఎయిర్‌పోర్టులో పడిగాపులు పడుతుండగా, హాల్లో అందరూ చేతులెత్తి ఆ నిబంధనను ఆమోదించేశారు.

ఎన్నికల్లో పెండిల్ హిల్ పేట మొత్తం నాకే ఓట్లు గుద్దింది. ఎడ్మండ్‌సన్ పార్కులో, బ్లాక్‌టౌన్‌లో అతను బొటాబొటీగా గట్టెక్కాడు. మనుషులు నావైపు ఎక్కువ, పేటలు అతనివైపు ఎక్కువ. "మోరల్ విక్టరీ మీదే బావా" అంటూ అందరిముందూ నా భుజం తట్టాడు. ఆ తట్టడం ఇప్పటికీ మరిచిపోలేదు. "మా తమ్ముడు మంచిమాటే అన్నాడుగా, మీకన్నీ అనుమానాలే" అని మా ఆవిడ వెనకేసుకొచ్చిన సంగతీ మరిచిపోలేదు.

ఇప్పుడా ఎన్నికలే లేవు. వాట్సాప్‌లో ఎవరిదో పేరు పెడతారు, కింద బొటనవేళ్ళు మొలుస్తాయి, అధ్యక్షుడు తయారు. ఆ రోజుల్లో ఆదివారం పూట పిల్లాపాపలతో వచ్చి హాలు ముందు వరసకట్టేవారు. ఓటేసి వచ్చినవాడు నన్ను పలకరించాడా, బూట్లు చూసుకుంటూ కారెక్కాడా అన్నదాన్నిబట్టి ఎవడు ఎటో తెలిసిపోయేది. పోయిన ఏడాది ఎవరో నా పేరూ పెట్టారు. ఒక్క వేలూ లేవలేదు, కాదన్నవాడూ లేడు. ఎవరిని అనుమానించాలో కూడా తెలియలేదు.