షట్టరుకు మోటరు పెట్టించిన పుణ్యం

పట్టపగలు, సొంత ఇంటి ముందు నిలబడి, సొంత డబ్బు పోసి కొన్న వస్తువును చూసి గజగజ వణికిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నా వైపు తిరగండి. నంద్యాలలో మా ఇంటి కారు షెడ్డు షట్టరుకు మోటరు పెట్టించి, నా పరువునూ, మా మామ ఆరు నెలల కష్టాన్నీ, ఇంకొంచెం ఉంటే ఒక ఊరి గుడినీ కలిపి ముంచబోయిన ఘనుణ్ణి నేను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. నాకు మాత్రం ఆ మోటరు గుర్రుమంటే ఈనాటికీ అరికాళ్లు చల్లబడతాయి.

ముందు మా మామ గురించి చెప్పాలి. బ్రహ్మయ్యాచారి, ఆళ్లగడ్డలో శిల్పి. నల్లరాయి ఆయన చేతిలో పడితే దేవుడై లేవాల్సిందే. ఆయన మామూలుగా పలకరించినా ఎదుటివాడు తప్పు చేసినట్టు తల దించుకుంటాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయన ముందు నేను కుర్చీ నిండా కూర్చున్నది లేదు, ఎప్పుడూ అంచు మీదే. మాదీ ఉలీ సుత్తీ పట్టిన వంశమే. మా నాయన వడ్రంగి. నేనొక్కణ్ణే చెడపుట్టి, ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో కీబోర్డు నొక్కుతూ బతుకుతున్నాను.

ఒక వేసవిలో పాత కారొకటి కొన్నాను. షెడ్డుకున్న ఇనుప షట్టరును మోకాళ్ల దాకా లేపడం నా వల్ల అయ్యేది. అక్కణ్ణించి పైకి పోవాలంటే వీధిలో ఎవరైనా వచ్చేదాకా వంగి నిలబడేవాణ్ణి. సరిగ్గా ఆ భంగిమలో ఉండగా ఒకరోజు మామ ఆటో దిగాడు. నన్ను పక్కకు జరిపి, ఒంటిచేత్తో షట్టరును చివరిదాకా లేపేశాడు.

"ఏమప్పా మోహనా, అన్నం తింటాండావా లేదా?" అన్నాడు.

లోపలి నుంచి నా భార్య సుజాత నవ్వింది. ఆమె ఆయన కూతురు, నవ్వే హక్కు ఉంది. కానీ ఆ నవ్వు నన్ను నేరుగా షట్టర్లు బిగించే మస్తాన్ కొట్టు దాకా నడిపించింది.

"మోటరు ముప్పై వేలు సార్," అన్నాడు మస్తాన్.

"అంతేనా?"

"అంతే. రిమోటు వేరే. కళ్లసెట్టు వేరే. వైరింగు వేరే. బిగించేది వేరే."

"మరి ముప్పై వేలకు ఏమొస్తుందయ్యా?"

"మోటరు," అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

"సరే. కళ్లసెట్టు అంటే ఏంది?"

"షట్టరు కాడ కింద ఈ పక్కొకటి, ఆ పక్కొకటి చిన్న కళ్లు పెడతాం సార్. ఒకదాన్నొకటి చూసుకుంటా ఉంటాయి. షట్టరు దిగేటప్పుడు మధ్యలో పిల్లోళ్లో, కుక్కో వచ్చిందనుకో, చూపు తెగుతాది. దిగేది ఆగి, మళ్లా పైకి పోతాది. ఎవురూ నలగరు."

ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మస్తాన్ పొద్దున వచ్చి మధ్యాహ్నానికల్లా బిగించేశాడు. బటన్ నొక్కితే షట్టరు మహారాజులా లేచింది, మహారాణిలా దిగింది. పదిసార్లు లేపి, పదిసార్లు దించి, వీధి వీధంతా చూసిందని నమ్మకం కుదిరాక మస్తాన్‌ను పంపించాను. వెంటనే ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను.

"మామా, షట్టరుకు మోటరు పెట్టించినా! ఇంక చెయ్యి పెట్టే పనే లేదు. మూస్తే లోపలికి ఈగ గూడా దూరదు."

"పూజ చేసినావా?" అన్నాడు మామ. ఆయనకు కావలసింది అదొక్కటే.

చెయ్యకుండా ఉంటానా? ఉలికీ సుత్తికీ బాడిశకూ బొట్టు పెట్టందే పని మొదలుపెట్టని ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో మిక్సీకి బొట్టుంది, ఫ్రిజ్జుకు బొట్టుంది, గ్యాసు బండకు కూడా బొట్టుంది. టెంకాయ కొట్టాను, నిమ్మకాయ కోశాను. కుంకుమను నీళ్లలో చిక్కగా రంగరించి బొట్టు పెట్టబోయేసరికి చిక్కొచ్చిపడింది. దీనికి మొహం ఎక్కడ? మోటరేమో అందనంత ఎత్తులో ఉంది. కింద చూస్తే గడపకు అటూ ఇటూ రెండు బుల్లి కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. కళ్లున్నచోటే కదా మొహం ఉండేది! భక్తిగా వంగి, చెరొక కంటి మీదా రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను.

సాయంత్రం ఆఫీసు పని మీద బయటికెళ్లి వచ్చి, కారు లోపల పెట్టి, బటన్ నొక్కాను. షట్టరు జానెడు దిగింది. ఆగింది. ఒక్కసారి వణికి, మళ్లీ పైకి పోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. అడ్డంగా పిల్లి కూడా లేదు.

"లోపల ఎవరో ఉన్నారు," అన్నాను సుజాతతో, గొంతు తగ్గించి.

"ఉండేది నీ కారే. దానికే దిష్టి తగిలుంటాది," అంది ఆమె. అని తాను కూడా రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ రాత్రికి షెడ్డు తెరిచే ఉంది. నేను నిద్రపోయానని చెబితే మీరు నమ్మరు, చెప్పను కూడా. తెల్లారి సుజాత రోజూలాగే గడప కడిగి, అటూ ఇటూ గోడలు తడిగుడ్డతో తుడిచింది. ఆ తర్వాత మస్తాన్ వచ్చి బటన్ నొక్కితే షట్టరు వెన్నపూసలా దిగింది. డాక్టరు మొహం చూడగానే మాయమయ్యే కడుపునొప్పి ఉంటుంది చూడండి, అచ్చం అదే. అయినా వచ్చినవాడు ఊరికే పోతాడా? "బోర్డులో డౌటు సార్," అని బోర్డు మార్చి, దానికి వేరే దుడ్లు తీసుకున్నాడు.

బాగుపడిన వస్తువు కొత్త వస్తువుతో సమానం. మళ్లీ టెంకాయ. మళ్లీ బొట్లు. సాయంత్రం మళ్లీ షట్టరు జానెడు దిగి, వణికి, వెనక్కి పోయింది.

పొద్దున గడప కడిగాక మస్తాన్ మళ్లీ వచ్చాడు. మళ్లీ వెన్నపూస. ఈసారి కరెంటు మీద అనుమానపడి స్టెబిలైజరు పెట్టించాడు. నేను పూజ చేశాను. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం మస్తాన్ పనిముట్ల సంచి విప్పనే లేదు. వీధిలోనే నిలబడి, షెడ్డు చీకట్లోకి తొంగి చూశాడు.

"సార్, నేనుంటే ఒకమాదిరి, నువ్వుంటే ఒకమాదిరి. ఇది మిషన్ తప్పు గాదు. నాకు దుడ్లొద్దు, ఏమొద్దు. దర్గా కాడ తాయెత్తు కట్టించి తెస్తా, ఈడ కడదాం."

మెకానిక్కే భయపడితే నాకింక దిక్కెవరు? తాయెత్తు కట్టించాం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. నాకు షట్టరుచుట్టు మీద మామపోటు పడింది. మరునాడే ఆళ్లగడ్డ నుంచి ఫోన్.

"అల్లుడా, గడివేముల దావలో ఒక ఊరికి వీరాంజనేయుని చెక్కినా. విగ్రహం తయారైంది. ఆడ పీఠం సిమెంటు ఇంకా ఆరలేదంట. ఒక్క దినం మీ ఇంట్లో పెట్టల్ల. స్వామికి ఇంకా కళ్లు తెరిపించలేదు, మొగానికి గుడ్డ కట్టుంటాది. నలుగురి కండ్లలో పడగూడదు. నీ షట్టరు బందోబస్తు అంటివి గదా?"

నాలుక పీకి ఎండబెట్టుకోవాలనిపించింది. "ఈగ గూడా దూరదు మామా," అంది ఆ నాలుక.

మరునాడు సుజాత పొద్దున్నే గడప కడిగింది. స్వామి వస్తున్నాడు కదా అని నేను తర్వాత వంగి, ముందెప్పుడూ పెట్టనంత పెద్ద బొట్లు పెట్టాను. తాయెత్తుకు కూడా ఒకటి పెట్టాను. పదకొండు గంటలకు చిన్న వ్యానులో మామ వచ్చాడు. వెనక వరిగడ్డి మీద, తెల్లగుడ్డ కప్పుకుని వీరాంజనేయుడు పడుకున్నాడు. నా కారును వీధిలో పెట్టాను, వ్యానును వెనక్కి నడిపించి షెడ్డులో నిలబెట్టారు. వీధిలోవాళ్లంతా మూగారు.

"ఇంక మూయప్పా," అన్నాడు మామ.

నొక్కాను. జానెడు దిగింది. వణికింది. వెనక్కి పోయింది.

"ఏందీ?" అన్నాడు మామ.

"ఒక్కోసారి అట్ల చేస్తాది మామా," అంటూ మళ్లీ నొక్కాను. మళ్లీ నొక్కాను. షట్టరు దిగి దిగి, విగ్రహాన్ని చూసి జడుసుకున్నట్టు పైకి పారిపోతోంది. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. జనంలోంచి ఎదురింటి రమణమ్మ గొంతు వినిపించింది.

"స్వామికి ఈ మూసేది ఇష్టం లేదేమోనమ్మా!"

ఆ మాట మామకు తగిలింది. ఏ మనిషి ముందు నేను ఇన్నేళ్లు వణికానో, ఆ మనిషి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. వ్యానుకు ఆనుకుని కూలబడిపోయాడు.

"కాదమ్మా, నాలోనే ఉండాది తప్పు. రాయిలో ఏదో దోషముంటాది. చెక్కేటప్పుడు నాకు కనపల్లేదు, స్వామి చూపిస్తాండాడు. దోషమున్న రాయిని గుళ్లో నిలబెడితే ఊరికి అరిష్టం. వెనక్కి తీసకపోతా."

"నాయనా, ఆరు నెల్ల కష్టం!" అంది సుజాత ఏడుపు గొంతుతో.

"కష్టం పోతే పోనీ. ఇంక ఉలి ముట్టను."

నిజం చెబుతున్నాను, అంత భయం నేను జన్మలో ఎరగను. దయ్యం భయం ఎటో పోయింది. ఈ పెద్దమనిషి నా షెడ్డులో, నా షట్టరు మూలంగా తన చేతుల మీద నమ్మకం పోగొట్టుకుంటున్నాడు. ఆయన ఆ ఊరి పెద్దకు ఫోన్ కలిపాడు. అవతల ఎత్తలేదు. నా ప్రాణం తిరిగొచ్చింది, సగమే.

"పోయే ముందర స్వామికి అపరాధం చెప్పుకుంటా. నీళ్లు తే బిడ్డా," అన్నాడు మామ. తానే వంగి గడప కడిగాడు, అటూ ఇటూ తడి తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు. లోపలికెళ్లి విగ్రహం పాదాల దగ్గర చేతులు జోడించాడు. నేను వణుకుతూ బయట నిలబడ్డాను. ఆ వణుకులో నా బొటనవేలు రిమోటు మీద పడింది.

షట్టరు చివరిదాకా దిగింది. మామా, వీరాంజనేయుడూ లోపల. మేమంతా బయట.

"మూసుకునిందే!" అని లోపలి నుంచి మామ అరిచాడు. "స్వామి ఒప్పుకున్నాడ్రా! తెరువు, తెరువు! బేగా కుంకుమ తే, బొట్టు పెడదాం!"

బొట్టు అనగానే నేను ముందుంటాను కదా. షట్టరు లేపి, గిన్నెతో ఉరికి, వంగి, నా అలవాటైన చోట రెండు కళ్లకూ రెండు బొట్లు అద్దాను. ఇంతలో మామ బయటికొచ్చి నా వెనక నిలబడ్డాడు.

"యాడ పెడతాండావప్పా?"

"దాని కళ్లకు మామా. ఎప్పుడూ ఈడే పెడతా."

"నొక్కు."

నొక్కాను. జానెడు దిగి, వెనక్కి పోయింది. మామ వంగి, తన లావుపాటి వేలితో ఒక బొట్టు తుడిచాడు, రెండోది తుడిచాడు.

"నొక్కు."

చివరిదాకా దిగింది.

"తెరువు. ఇప్పుడు పెట్టు బొట్టు. నొక్కు."

వెనక్కి పోయింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. మా వీధిలో కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు, చీలలేదు.

మామ ఫోన్ మోగింది. ఊరి పెద్ద. "ఏందాచారీ, ఫోన్ చేసినావు?"

"ఏంలేదప్పా. సిమెంటు ఆరిందా అని," అన్నాడు మామ నన్నే చూస్తూ. ఫోన్ జేబులో వేసుకున్నాడు. "దీనికి మొత్తం ఎంత పెట్టినావు అల్లుడా?"

"మోటరు, బోర్డు, స్టెబిలైజరు, అన్నీ కలిపి అర్ధలక్ష దాటింది మామా."

"కుంకుమకో?"

"పది రూపాయల పొట్లం."

"పది రూపాయలదే గెలిచింది గదప్పా," అన్నాడు. అప్పుడు నవ్వాడు. మామ పళ్లు నేను చూడటం అదే మొదలు. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వి, నా భుజం మీద చెయ్యి వేశాడు. అది ఆనందమో దండనో భుజానికి తెలియలేదు. "నేను రాతికి కళ్లు తెరిపిచ్చి బతికేటోణ్ణి. నా అల్లుడివై, కళ్లుండేదాని కళ్లు మూసినావు గదరా!"

ప్రతిష్ఠ రోజు మేమూ ఆ ఊరికి వెళ్లాం. విగ్రహం మొహం మీద గుడ్డ తీశారు. మామ చేతిలో బంగారు సూది. మంత్రాలు ఆగాయి, ఊరంతా ఊపిరి బిగబట్టింది. సూది కంటి దాకా పోయి ఆగింది.

"నిలపండి. మా అల్లుడు యాడుండాడు?"

నా గుండె పొంగింది. ఇంతమందిలో పిలిచాడంటే నన్ను క్షమించాడు, పక్కన నిలబెట్టుకుని గౌరవించబోతున్నాడు. చొక్కా సర్దుకుని ముందుకు నడిచాను.

"ఆయప్పను ఎవురన్నా గట్టిగా పట్టుకోండి," అన్నాడు మామ. "చేతిలో కుంకుమ లేదు గదా, చూడండి."

అందువల్ల, ఆనాడు తెరుచుకున్న వీరాంజనేయుడి కళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కళ్లున్న ఏ యంత్రానికీ కంటి మీద బొట్టు పెట్టను. నొసలు వెతికి పెడతాను. నొసలు కనపడకపోతే ఆళ్లగడ్డకు ఫోన్ చేసి, కుర్చీ అంచు మీద కూర్చుని, మామనే అడిగి పెడతాను.