గోత్రనామాల్లో ఆమె పేరు

అమీర్‌పేటలో ఉండి ఒంటరిగా అనిపిస్తుందంటే ఎవరూ నమ్మరు. మా గల్లీలో మెట్ల మీద కూడా మనుషులే. కోచింగ్‌కు వచ్చిన పిల్లలు, హాస్టళ్ల ముందు టిఫిన్ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. నడుస్తుంటే నా చేతిలో కూడా పాంప్లెట్ పెడతారు. ఈ వయసులో నేను జావా నేర్చుకోవాలట. వీళ్లందరి ప్యాంట్లు పొట్టి చేసేది నేనే. మా తాత ఊళ్లో మగ్గం నేశాడు, నేను పట్నం వచ్చి కుట్టుమిషను పెట్టుకున్నాను. పొద్దంతా నోరు ఆడుతూనే ఉంటుంది. నడుమెంత, పొడుగెంత, ఎల్లుండి రా. సాయంత్రానికి మాత్రం ఎవరితోనూ మాట్లాడినట్టు ఉండదు.

నా భార్య, తన చెల్లెలి కూతురి పెళ్లికని ఊరికి పోయి, అక్కడే జ్వరం వచ్చి, అక్కడే పోయింది. దినాలూ అక్కడే జరిగాయి. అన్నీ ముగించుకుని వచ్చి దుకాణం షట్టర్ తీశాను. పక్క దుకాణంలో జిప్పులు, గుండీలు అమ్మే భాయ్ చాయ్ పట్టుకుని వచ్చాడు. "భాభీ మస్తు మంచిది అన్నా. ఫికర్ జెయ్యకు, నేనున్న" అన్నాడు. చాయ్ అయ్యాక గిరాకీ వచ్చి లేచిపోయాడు.

చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాదిపాటు గుడి మెట్లెక్కరు. నేనూ ఎక్కలేదు. సంవత్సరీకం అయ్యాక ఒక శనివారం పొద్దున, పంజాగుట్ట పోయే దారిలో సందులో ఉన్న రామాలయానికి వెళ్లాను. ఆమె ఉన్నప్పుడు ప్రతి శనివారం ఇద్దరం వెళ్లేవాళ్లం. అక్కడి అయ్యగారు కోస్తా వైపు మనిషి, పెద్దవారు. రోజూ వచ్చేవాళ్ల గోత్రాలు, పేర్లు అడగకుండానే చదువుతారు. అదే ఆయన గొప్ప. నన్ను చూసి "చాలా రోజులైందండీ" అని నవ్వారు. నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టేశారు. నా గోత్రం, నా పేరు, ధర్మపత్నీ సమేతస్య, ఆ వెంటనే ఆమె పేరు.

ఆయన తప్పేమీ లేదు. ఆడమనిషికి మొగుడు పోతే లోకం ఆమె నుదురు చూసి తెలుసుకుంటుంది. మగవాడికి పెళ్లాం పోతే చొక్కా గుండీ కూడా మారదు. నేనే చెప్పాలి. చెప్పలేదు.

ఎందుకంటే బతికున్న మనిషి పేరుగా అది చెవిన పడి ఏడాది దాటింది. మా కూతురికి ఆమె అమ్మ, భాయ్‌కి భాభీ, హాస్టల్ పిల్లలకు ఆంటీ, చుట్టాలకు ఇప్పుడు 'పోయినామె'. ఇక నేనంటారా, మా దిక్కు మొగుడూ పెళ్లాలు పేర్లు పెట్టి పిలుచుకోరు. 'ఏమే', 'ఇగో', 'ఇంటున్నవా', వీటితోనే మా కాపురమంతా వెళ్లిపోయింది. ఇంత పెద్ద పట్నంలో ఆమె పేరు పలికే మనిషి ఆ అయ్యగారు ఒక్కరే.

అప్పటినుంచి శనివారాలు ఆ పేరు కోసమే వెళ్లేవాణ్ని. రాముడి మొహం చూశానో లేదో నాకే తెలియదు. కళ్లు మూసుకుని చెవులు అప్పజెప్పేవాణ్ని. ఆమె పేరు వచ్చిందంటే నా పూజ అయిపోయినట్టే. ఒకసారి అయ్యగారు ఊరెళ్లి, వేరే ఆయన పళ్లెం పట్టుకుని ఉంటే, టెంకాయ కూడా కొట్టకుండా వెనక్కి వచ్చాను. బతికున్నవాళ్ల క్షేమం కోసం చేసే అర్చనలో పోయిన మనిషిని కలపకూడదని నాకు తెలుసు. పాపం వస్తే నాకే రానీ అనుకున్నాను.

శ్రీరామనవమి దగ్గర పడుతుండగా అయ్యగారు తీర్థం ఇస్తూ అన్నారు. "ఈసారి కల్యాణానికి మీ ఇద్దరినీ పీటల మీద కూర్చోబెడదామనుకుంటున్నానండీ. ఇన్నేళ్లుగా వస్తున్నారు, ఒక్కసారైనా అడగలేదు. అమ్మగారు రావట్లేదేంటి, మోకాళ్ల నొప్పులా?"

పీటల మీద దంపతులే కూర్చోవాలి. భార్య లేనివాడికి అక్కడ చోటు లేదు. ఆమె ప్రతి నవమికీ పందిట్లో వెనకెక్కడో నిలబడి, ముందు కూర్చున్న జంటలను చూస్తూ "మనల్ని ఎవలు కూసోవెడ్తరు తియ్" అనేది. "కూసుంటే నడుములు వట్టుకుంటయ్, నిలవడు" అనేవాణ్ని నేను. ఆమె నవ్వేది గానీ చూపు పీటల మీదే ఉండేది. ఇప్పుడు పిలుపొచ్చింది. నాకు దేవుడి మీద కోపం వచ్చింది.

"చెప్త అయ్యగారూ" అని బయటపడ్డాను. ఆ వారమంతా చేతులు నా మాట వినలేదు. ఒకబ్బాయి ప్యాంటు మోకాలికి కాస్త కిందికి కత్తిరించాను. "అంకుల్, నేను షార్ట్స్ అడగలేదు" అన్నాడు వాడు. వేరే గుడికి మారదామా అనుకున్నాను. కానీ అక్కడ ఆమె పేరు ఎవరికి తెలుసు? లేని మనిషి పేరు ఉన్నట్టుగా నేనే చెప్పాలి. అది అబద్ధం. ఇక్కడ ఇంతవరకు అబద్ధమాడలేదు, ఊరుకున్నానంతే. నిజం చెబితే ఆ పేరు ఇక వినపడదు. చెప్పకపోతే నవమికి ఎవరిని తీసుకుపోవాలి?

శనివారం జనం పలచబడ్డాక వెళ్లాను. "అయ్యగారూ, ఆమె లేదు. పోయి రెండేండ్లయితున్నది."

పళ్లెంలో పూలు సర్దుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. "మరి నేను ప్రతి వారం..."

"మీరు చదువుతుంటే మంచిగనిపించింది. గందుకే చెప్పలె."

తిడతారనుకున్నాను. ఆయన వాడిన పూలు ఏరి పక్కన పెట్టారు. "ఎన్ని పేర్లో ఉన్నాయండీ నా దగ్గర. ఎవరున్నారో, ఎవరు లేరో ఎవరూ చెప్పరు" అని, పళ్లెం చేతిలోకి తీసుకుని, "అర్చన చెయ్యమంటారా?" అన్నారు.

"చెయ్యుండ్రి."

నా గోత్రం చదివారు. నా పేరు చదివారు. అలవాటుపడ్డ నాలుక 'ధర్మ' దాకా వెళ్లి నిలిచిపోయింది. ఒక ఊపిరి తీసుకుని తర్వాతి మంత్రంలోకి వెళ్లిపోయారు. ఊళ్లో పాడె లేచినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. ఆయన మంత్రం ఆపలేదు, కాస్త గొంతు పెంచారంతే.

తిరిగి నడుస్తూ వచ్చాను. మెట్రో స్టేషన్ కింద ఆటోవాళ్లు లక్డీకాపూల్, లక్డీకాపూల్ అని అరుస్తున్నారు. ఆ గోలలో నా మాట ఎవరికీ వినపడదని ఆమె పేరు పైకే అన్నాను. అయ్యగారి రాగంలో వచ్చింది. మళ్లీ అన్నాను. మళ్లీ అదే రాగం. ఇంట్లో ఉన్న మనిషిని పిలిచినట్టు మామూలుగా అందామని ఎన్నిసార్లు చూసినా, ఆ పేరు నా నోటికి అట్లా రాలేదు.