వాక్కాయ కట్టె నాడె

నా పెండ్లికి నాలుగు రోజులుందనగా, పెండ్లికూతురి తలంబ్రాల చీరను ఈ రెండు చేతులతో నేనే నాశనం చేశాను. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటే.

కరీంనగర్ దగ్గర చిన్న ఊళ్లో మాది మగ్గం ఇల్లు. అవ్వ పెంచే వంకాయ మొక్కల్ని మేకలు మేస్తున్నాయని పెరటి చుట్టూ వాక్కాయ కంచె వేశాను. ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది. ముళ్లు మాత్రం మా మేనత్త మాటల్లాంటివి, దిగితే ఓ పట్టాన రావు. కంచె చేను మేసిందంటారు. మా కంచె నా లుంగీలు మేసింది.

ఆ కట్టె గట్టిదనీ, నున్నగా తేలుతుందనీ ఎవరో చెప్పారు. ఇంకేం! నేను పెంచిన చెట్టు, నేను చెక్కిన నాడె, దాంతో నా పెండ్లాం చీర! లావుపాటి కొమ్మ నరికి, దారం కండెతో మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడె ఒకటి చెక్కాను.

చీర నేస్తున్న బాపు దాన్ని తిప్పి చూశాడు.

"పచ్చి కట్టెరా గిది. ఏడాదన్న నీడల ఎండాలె."

"ఫికర్ జెయ్యకు బాపు, ఇనుము లెక్కున్నది."

"పగుల్తది బిడ్డా."

"నువ్వు జర చాయ్ తాగి రా, నేను నేస్త!"

ఆయన అటు పోయాడు, నేనిటు కూర్చున్నాను. కొంగు మొదలైంది. నాడె పదిసార్లు బుద్ధిగా తిరిగింది. పదకొండోసారి టప్పున చీలి, పేళ్లతో పడుగు దారాలను పటపటా తెంపుకుంటూ పోయింది. నా ప్రాణం కూడా ఆ దారాలతోనే పోయిందనుకున్నాను.

బాపు వచ్చి చూసి గోడకు ఆనుకున్నాడు.

"చాయ్ తాగొచ్చేలోపట గింత పనిజేసినవారా?"

"బాపు, చీర అందుతదా? పెండ్లి ఆగదు గదా?"

"తెంపినోనివి నువ్వే. నువ్వే అతుకు."

పసుపు రాసిన ఒంటితో, రెండు రోజులు వంగి దారానికి దారం ముడేశాను. వచ్చిన చుట్టాలంతా పెండ్లికొడుకును మగ్గం గుంటలోనే చూసి పోయారు. మిగిలిన కొంగు బాపు నేశాడు. పెండ్లినాటి పొద్దున చీర మగ్గం దిగింది.

పుస్తె కట్టి పక్కన కూర్చున్నాను. పెండ్లికూతురు కొంగు తడుముకుంటూ మెల్లగా అడిగింది.

"గివేం ముడులు?"

"నేనే వేసిన," అన్నాను సిగ్గుపడుతూ.

"మా అక్కకు బావ మూడే వేసిండు. నేను ఉరుకుతనని నీకు గింత భయమా?"

అగ్నిసాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఎంత ప్రేమ పొంగినా సరే, ఈ జన్మలో పచ్చి కట్టెను మగ్గం గది గడప దాటనివ్వను.