బాపు చేతులకు అవ్వ చేసిన మైనం నూనె

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో చలి మొదలైందంటే చాలు, మా అవ్వ బొగ్గుల పొయ్యి మీద మైనం కరగబెట్టేది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు.

అడవి నుంచి తేనె తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర మైనం కొనేది. దాన్ని గానుగ నువ్వుల నూనెలో కరిగించి, దించి, కలబంద గుజ్జు కొంచెం కొంచెంగా వేస్తూ కవ్వంతో చిలికేది. నేను గుజ్జంతా ఒకేసారి వెయ్యబోతే, "ఆగం చెయ్యకే, జల్ది వేస్తే ఇరిగిపోతది" అని కసురుకునేది... చిలికీ చిలికీ ఆమె చెయ్యి పడిపోయేసరికి వెన్నలాంటి లేతపసుపు ముద్ద తయారయ్యేది. లోషన్ అన్న మాట మా వాడలో ఎవరికి తెలుసు? మాకది మైనం నూనె.

అది మా మొహాలకు కాదు... బాపు చేతులకు. బొగ్గు బాయిలో ఆయనది తట్టా చెమ్మస్ పని. చెమ్మస్ అంటే పెద్ద పార. షిఫ్టంతా దాంతో బొగ్గు ఎత్తి తట్టలకు నింపాలి. చలికాలంలో అరచేతులు పగిలి నెత్తురు వచ్చేది. ఇంటికొచ్చి స్నానం చేశాక అవ్వ ఆ చేతులకు రాసేది. మిగిలింది బాపు నా బుగ్గలకు పులిమేవాడు. గరుకు చేతులు... నేను అరిచి గోల చేసేదాన్ని. ఆయనకు అదే సరదా.

ఒక్కటే కట్టుబాటు. డ్యూటీకి పోయేముందు రాసుకోకూడదు. పార పట్టు జారుతుంది.

ఆ రోజు మొదటి షిఫ్టు. వేడి జొన్న గటక ముద్ద పగుళ్లకు తగిలి బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవ్వ చూడలేకపోయింది.

"కొంచమంత పెడుత, ఊకో."

"చెమ్మస్ జారుతదే..."

"పోయేటప్పుడు తువ్వాలకు తుడుచుకొని పో."

బాపు నవ్వి చేతులు చాచాడు. తుడుచుకున్నాడో లేదో మేం చూడలేదు.

మధ్యాహ్నం బాయిలో పైకప్పు కూలింది. బాపు తిరిగి రాలేదు.

ఆయనతో పనిచేసే మల్లయ్య కాక ఏడుస్తూ మా ఇంటికి వచ్చాడు. అవ్వ ఏడవలేదు. ఒక్కటే అడిగింది... "చెమ్మస్ జారిందా?"

"అయ్యో వదినె... అప్పుడు చేతుల చెమ్మస్సే లేదు. బువ్వ తిననీకి కూసున్నడు. నేను నీళ్లకని ఇవతలికి వచ్చిన... మీదినుంచి కప్పు పడ్డది."

అవ్వ నమ్మలేదు. మైనం నూనె జాడీని బూడిద కుప్పలో బోర్లించి వచ్చింది. మళ్లీ ఎప్పుడూ మైనం కరగబెట్టలేదు. తన చేతులకు కూడా ఏమీ రాసుకోలేదు. మమ్మల్ని సాకడానికి పదిళ్లలో బట్టలుతికి, ఆ చేతులు బాపు చేతుల్లాగే పగిలాయి. నేను పెద్దయ్యాక ఎన్ని క్రీములు కొనిచ్చినా, "నాకెందుకు బిడ్డా" అని పక్కకు నెట్టేసేది. ఎవరు వేశారే నీకీ శిక్ష అని కోపంతో అరిచేదాన్ని.

ఆమె చివరి చలికాలం... మంచం పట్టింది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నేనే మైనం వెతికి తెచ్చి, ఆమె చేసినట్టే చిలికి, ఆ చేతులకు రాశాను. వద్దనలేదు. వాసనకు కళ్లు తెరిచింది. నా చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"తుడుచుకొని పో... జారుతది."

చేతులు విడిపించుకుని, కొంగుకు గట్టిగా తుడుచుకుని, ఆమె కళ్ల ముందు చాచాను.

"తుడుచుకున్ననే... ఇగో చూడు."

చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా నిద్రపోయింది.

ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లినా చేతులకు రాసుకునే సీసాలు వరుసగా ఉంటాయి. బాయిలో చెమ్మస్ పట్టే చేతులూ తగ్గిపోయాయి, మిషన్లు వచ్చాయి... మైనం వాసన తగిలితే మాత్రం నేను ఇప్పటికీ చేతులు తుడుచుకుంటాను.

చెయ్యని తప్పును చివరిదాకా మోసినవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటే వాళ్ల గురించి రాయండి... నీ తప్పేం లేదని వాళ్లకు మనమైనా చెబుదాం.