బొట్టు పెట్టిన కార్డు

నాకు క్రికెట్ అంటే ఒళ్ళుమంట. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉందంటే చాలు, నాచారం నుంచి ఎటు కదలాలన్నా నరకమే. అట్లాంటి నేను ఒక క్రికెట్ కార్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డానంటే దానికి కారణం మా పక్కింటి తారామణి.

తారామణి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను చూసుకుంటుంది. మనసు మంచిదే గానీ మహా మొండిది. ఆమె తండ్రి మొగిలయ్య జనగామ దిక్కు నుంచి వచ్చి ఇక్కడి నూలు మిల్లులో చేరాడు. ఆ రోజుల్లో బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెటర్ల కార్డులు వచ్చేవి. ముందువైపు ఆటగాడి ఫొటో, వెనక అతని పరుగులూ వికెట్లూ. షిఫ్టు దిగి వస్తూ మొగిలయ్య ఒక పొట్లం తెచ్చేవాడట. గమ్ము అక్కకు, కార్డు తారామణికి. గల్లీలో మగపిల్లల వికెట్లు పడగొట్టే పిల్ల మరి!

ఒక దసరాకు మొగిలయ్య మిల్లులో ఆయుధపూజ ముగించుకుని ఇంటికొచ్చాడు. యంత్రాల ఇనుముకు అంటుకోవాలని వాళ్ళు కుంకుమను నూనెలో కలిపేవాళ్ళు. అది ఆయన వేలికి ఇంకా అట్లాగే ఉంది. ఇంట్లో అక్క పుస్తకాలు పూజలో పెడితే, తారామణి తన ప్రాణం లాంటి ఫాస్ట్ బౌలర్ కార్డు పెట్టింది. తల్లి కసురుకుంది. మొగిలయ్య మాత్రం నవ్వాడు.

"దాని ఆయుధం గదే అది," అన్నాడు. బౌలర్ మొహం ఖరాబు కాకూడదని కార్డు వెనక్కి తిప్పి, అంకెల మీద ఒక బొట్టు పెట్టాడు. ఆ చలికాలంలోనే ఆయన చనిపోయాడు.

కార్డులు కూడబెట్టేవాళ్ళ లోకంలో కార్డు మీద అట్లా మరక పెట్టడాన్ని మించిన పాపం లేదట. ఇప్పుడు ఆ బౌలర్ కార్డు దొరకడమే గగనం. గీత కూడా పడనిదైతే జనం ఎగబడతారు. మరక ఉంటే ముఖం తిప్పుకుంటారు. తారామణికి మాత్రం ఆ మరకే కావాలి. ప్రతి దసరాకూ ఆ కార్డు పూజలో ఉండాల్సిందే.

రెండేళ్ళ కిందటి వానాకాలంలో చెరువు పొంగి మా గల్లీలోకి మోకాళ్ళలోతు నీళ్ళొచ్చాయి. బియ్యం, బట్టలు అన్నీ వదిలేసి తారామణి కార్డుల డబ్బా నెత్తిన పెట్టుకుని మా మేడ ఎక్కింది. అది చూసి ఆమె అక్క కొడుకు హృషికేశ్ బెంగపడ్డాడు. ఉద్యోగం చేసుకునే బుద్ధిమంతుడు, చిన్నమ్మంటే ప్రాణం.

"చిన్నమ్మా, గిట్లయితే ఒకనాడు మొత్తం పోతయ్. కార్డులు దాసే వాల్ట్ ఉంది, ఆడ పెడదాం," అని ఒప్పించి మాదాపూర్‌లో ఒక కంపెనీకి అప్పగించాడు. ఆ తర్వాత తారామణి రోజూ కంపెనీ వాళ్ళు పంపిన కార్డు ఫొటో ఫోన్లో చూసుకుని మురిసిపోయేది. ఫోన్లో కనిపించేది ముందువైపే. వెనక వైపు ఫొటో తీయాలని ఎవరికీ తోచలేదు. నిరుటి దసరాకు కూడా ఫోనునే పూజలో పెట్టింది గానీ, మనసు ఒప్పలేదు. ఈ దసరాకు కార్డే కావాలని పట్టుబట్టింది. నా పాత కారులో ముగ్గురం బయల్దేరాం.

అబద్ధమెందుకు, ఆ వాల్ట్ చూసి నోరెళ్ళబెట్టాను. బీరువా అంత మందం ఉన్న ఉక్కు తలుపు. వేలు పెడితే గానీ తెరుచుకోదు. లోపల చలి, తడి లేదు, దుమ్ము లేదు. దేవుడి నగలకు కూడా ఇంత కాపలా ఉంటుందా అనిపించింది. చాందిని అనే అమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని గట్టి ప్లాస్టిక్ కవర్లో కార్డు తెచ్చింది. తారామణి దాన్ని కళ్ళకద్దుకుని, వెనక్కి తిప్పింది.

వెనక అంకెలు శుభ్రంగా ఉన్నాయి. బొట్టు లేదు.

"ఇది నాది గాదు," అంది.

"అదే కార్డు మేడమ్. ఒక్క రకంవన్నీ మేం కలిపే పెడతం. మీదానికి మరకుందని రాసుంది. మీకు మంచిదొచ్చింది, లాభమే గదా. బ్యాంకుల ఏసిన నోటే మళ్ల మీ చేతికొస్తదా?" అని నవ్వింది చాందిని.

"చిన్నమ్మా, దీనికే విలువెక్కువ. తీస్కో, పోదాం," అన్నాడు హృషికేశ్.

"నోటు మీద మా నాయన వేలు ఉండదు గదమ్మా," అంది తారామణి. "నాది ఇంకెవరికన్న ఇచ్చిన్రా?"

చాందిని నవ్వు ఆగిపోయింది. "ఇచ్చి ఉండొచ్చు మేడమ్. అడిగినోళ్లకు ఏదొస్తే అది ఇస్తం."

అంత ఉక్కు, అంత చలి, అంత కాపలా పెట్టి, ఎవరి వస్తువు ఎవరిదో చూసుకోరా! గట్టిగా నాలుగు తిడదామని లేచాను. తారామణి నా చెయ్యి పట్టి ఆపింది. "కొట్లాట వద్దు దామోదరన్నా. దొరికేదాక ఈడనే కూసుంట," అని కుర్చీలో పద్మాసనం వేసుకుని కూర్చుంది. ఆ కంపెనీ పెద్దసారు వచ్చి నచ్చజెప్పాడు, కదల్లేదు. ఇంకో కార్డు కూడా కలిపి ఇస్తామన్నారు, వాళ్ళ వైపు చూడనైనా లేదు. అంత విలువైన దాన్ని చెత్తకాగితంలా పక్కకు నెట్టిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

చివరికి చాందినికే మనసు కరిగింది. లోపలికెళ్ళి, మరకలున్నాయని జనం వద్దన్న కార్డులు పడేసిన ట్రే తెచ్చింది. ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది. టీ మరక, ఇంకు మరక, చిరిగిన మూల. ట్రే అడుగు కనిపిస్తోంది. తారామణి కళ్ళు మూసుకుంది.

"మేడమ్," అంది చాందిని.

ఎర్రగా ఉంది. పాత ఇటుక రంగుకు తిరిగిన ఎరుపు. వంగి చూస్తే అందులో సన్నటి గీతలు, వంపులు తిరిగిన వేలిముద్ర. మిల్లు నూనె పట్టి ఉంచిన మొగిలయ్య వేలు. ఆయన లేకుండా ఇంత కాలం గడిచినా ఆ వేలు మాత్రం అక్కడే ఉంది. చాందిని తొడుగులు తీసేసి, కార్డును కళ్ళకద్దుకుని తారామణి చేతిలో పెట్టింది. తారామణి పెద్దగా ఏడ్చింది.

హృషికేశ్ పుట్టక ముందే తాత పోయాడు. మెల్లగా దగ్గరికొచ్చి, తాకీ తాకకుండా తన వేలిని ఆ ముద్ర పైన పట్టుకుని చూశాడు.

"చిన్నమ్మా, తాతది నా వేలంతే ఉంది," అన్నాడు.