నాలుగు వేళ్ళ వదులు

కుట్టు టీచర్ పోయారని పోయిన నెలలో ఒక ఉదయం వాళ్ళ అక్కగారు ఫోన్ చేసి చెప్పారు. "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా. బాధేమీ పడలేదు. నీ వస్తువొకటి మా ఇంట్లో ఉండిపోయింది, వీలు చూసుకుని తీసుకెళ్ళు" అన్నారు. ఆ వస్తువేమిటో నాకు తెలుసు. ఆ రోజు పెంటపాడు వెళ్ళాను గానీ, వాకిట్లో ఆడవాళ్ళ వెనక కాసేపు నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండానే ఆటో ఎక్కి తాడేపల్లిగూడెం వచ్చేశాను. సిగ్గేసి లోపలికి వెళ్ళలేదు. ఆ సిగ్గు సంగతి చెప్పకుండా ఆవిడ గురించి రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

ఏలూరులో మేం చదివిన కాన్వెంటుకి ఆవిడ వారానికి మూడు రోజులు వచ్చేవారు. మిగతా రోజుల్లో పెంటపాడులో తన ఇంట్లో నాటకాల వాళ్ళకి దుస్తులు కుట్టేవారు. కిరీటాలు, భుజకీర్తులు, కవచాలు, అన్నీ. గూడెంలో ప్యాసింజర్ రైలెక్కి వచ్చే మనిషి మెడలో టేపు అలాగే ఉండేది. తీయడం మర్చిపోయేవారు. స్టేషన్లో ఎవరైనా నవ్వితే, "నా తాళి పోయినా ఇది పోదండీ" అనేవారట. ఆవిడ భర్త పోయి అప్పటికే చాలా కాలమైంది.

ఎనిమిదో తరగతిలో స్కూల్ యానివర్సరీ నాటకంలో నాకు కోట కాపలాదారు వేషం ఇచ్చారు. పొడుగ్గా ఉంటాననీ, మాటలుండవు కాబట్టి భయపడననీ సిస్టర్ అలా నిర్ణయించారు. కొలతలు తీసే రోజు నేను భుజాలు ముందుకి ముడుచుకుని, పుస్తకం ఛాతీకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఆ వయసులో నాకు నా ఒళ్ళు ఎవరిదో సామానులా ఉండేది. టీచర్ పుస్తకం లాక్కోలేదు. "నిటారుగా ఉండక్కర్లేదమ్మా. రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండు. బట్ట కదా నీకు సర్దుకోవాల్సింది" అన్నారు. తర్వాత, "ఊపిరి పీల్చు. ఇంకా. ఆఁ, అలా ఉండు" అని, అప్పుడు టేపు చుట్టారు. చుట్టి, టేపు లోపల నాలుగు వేళ్ళు దూర్చి చూసుకున్నారు.

ఆవిడ కొలత ఎప్పుడూ అంతే. ఊపిరి వదిలినప్పుడు తీసిన కొలత శవానికి పనికొస్తుంది అనేవారు. చేతులు పైకెత్తించేవారు, స్టూలు మీద కూర్చోబెట్టేవారు, కింద పడిన సుద్ద తీసిమ్మనేవారు. ఇన్నీ అయ్యాకే అంకె రాసేవారు.

ఇంకో అలవాటు ఉండేది. కుట్టిన జాకెట్టు పట్టేసిందని ఎవరైనా తిరిగొస్తే, వాళ్ళు ఒళ్ళు చేశారని చూసినవాళ్ళకెవరికైనా తెలిసిపోతున్నా, ఆవిడ మాత్రం "నా టేపు తప్పు చెప్పినట్టుందండీ, ఇలా ఇవ్వండి" అని తీసేసుకునేవారు. వాళ్ళు వెళ్ళాక మేం ముసిముసిగా నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేవారు కాదు. కొలతల పుస్తకం తీసి పాత అంకె చూసుకునేవారు. అది మర్యాద అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

తొమ్మిదో తరగతి సెలవుల్లో ఒకసారి నన్ను కొల్లేటి లంకకి తీసుకెళ్ళారు. "పుస్తకం ఇస్తే ఓ మూల కూర్చుంటుంది, అడ్డం రాదు" అని మా అమ్మని ఒప్పించారు. బస్సు దిగి పడవెక్కాం. గుర్రపుడెక్క తెడ్డుకి చుట్టుకుంటుంటే పడవ నడిపే ఆయన ఆగి ఆగి విదిలిస్తున్నాడు. టీచర్ ట్రంకుపెట్టె మీద కూర్చుని, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో కిరీటాల సంచీని పట్టుకున్నారు.

ఆ ఊళ్ళో యుద్ధానికి వెళ్ళే రాణి వేషం వేసే ఆవిడకి కొత్త కవచం ఇవ్వాలి. మధ్యాహ్నం స్కూలు గదిలో ఆవిడ మాకు పాత కవచం చూపించింది. ఇంకెవరో కుట్టింది. జాకెట్టులాగే రొమ్ముల మీద రెండు గిన్నెలు తీర్చి, నడుము సన్నగా లాగేశారు. ఆవిడ పైట జరిపి చూపించింది. రొమ్ముల మధ్య ఎముక మీద ఎర్రగా కమిలిన గీత ఉంది.

"చూడ్డానికి అందంగా ఉంటుందని కుట్టించారండీ. విల్లు ఎత్తానంటే ఇక్కడ కోసుకుపోతోంది."

టీచర్ పాత కవచాన్ని గోడకి వాలుగా ఆనించారు. వక్కపొట్లంలోంచి ఒక వక్క తీసి దాని భుజం మీద నుంచి వదిలారు. అది గిన్నె మీద నుంచి జారి సరిగ్గా మధ్య గాడిలోకి వచ్చి ఆగింది. తర్వాత తన కవచం ఆనించారు. కుండ పొట్టలా ఒకటే గుండ్రం. వక్క దాని మీద పడి పక్కకి జారి, గచ్చు మీద దొర్లి నా పుస్తకం దాకా వచ్చింది.

"చూశావా అమ్మా? దానికి దెబ్బ తగిలితే దెబ్బే దారి కనుక్కుని ఎముక మీదకి వెళ్తుంది."

పక్కనే మీసాలు అంటించుకుంటున్న రాక్షసుడు నవ్వాడు. "నా కత్తి చెక్కదండీ బాబూ. దానికింత కంగారా?"

"కత్తి చెక్కదేనండీ. ఒళ్ళు నిజందే కదా" అన్నారు టీచర్, వక్క వెతుక్కుంటూ.

ఆ మాట నేను పుస్తకం చివరి అట్ట మీద రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

నేను పెద్దయ్యాక బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరాను. హైదరాబాదు ఆఫీసుకి గూడెంలో మా ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ఆటలకి మనుషుల్ని గీస్తాను. కోటలు, గుర్రాలు, డ్రాగన్లు ఉండే పాతకాలపు యుద్ధాల ఆట అది. రెండేళ్ళ కిందట అందులో కోట కాపలా కాసే స్త్రీని గీయమన్నారు. కవచం నిజంగా ఉన్నట్టుండాలి అన్నారు. నాకు వెంటనే ఎవరు గుర్తొచ్చారో చెప్పక్కర్లేదు.

టీచర్ అప్పటికి స్కూలు మానేసి, అక్కగారితో ఇంటి పట్టునే ఉంటున్నారు. చూపు తగ్గింది. నేను చెప్పింది విని, ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టారు.

"గుర్రం ఎక్కుతుందా మన పిల్ల?"

"ఎక్కుతుందండీ."

"అయితే కింద తెరిచి పెట్టాలి. జుట్టేం చేస్తుంది?"

"అందరికీ వదిలేస్తారండీ."

"వదిలేస్తే బకిల్లో ఇరుక్కోదూ? జడేసి లోపలికి దోపమను."

కాగితం మీద చెప్తే రాదని, నాకు కొలతలు తీసి, నిజంగానే ఒక కవచం చేశారు. చీరల షాపు అట్టపెట్టెలు మైదా జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి, తడిమీద కుండ మీద వంచి, మెరూన్ వెల్వెట్ తొడిగారు. లోపల వేసుకోడానికి పాత నూలు చీరతో బొంతలాంటి జాకెట్టు. "ఇనుము ఒంటికి తగలకూడదమ్మా, బొంత తగలాలి" అనేవారు. ఎడమ చంక కింద మూడు తాళ్ళు. మధ్య తాడు మాత్రం పసుపు. తెర వెనక మసకలో కూడా ముందు ఏ ముడి వేయాలో చేతికి తెలియాలని ఆవిడ కుట్టినవాటన్నిటికీ అలాగే పెట్టేవారు. ఆ కళ్ళతో అది పూర్తి చేయడానికి నెలన్నర పట్టింది. నేను వేసుకుని కూర్చున్నాను, వంగాను, చేతులెత్తాను. ఎక్కడా పట్టలేదు. అలా ఉన్నదున్నట్టు గీశాను. నేను గీసిన వాటిలో మంచి బొమ్మ అదే. కవచం టీచర్ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆఫీసు కాల్‌లో బొమ్మ తెర మీద పెట్టగానే ఎవరో, "గ్యాస్ సిలిండరుకి కాళ్ళొచ్చినట్టుందండీ" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా చాట్‌లో నవ్వే బొమ్మ ఒకటి పెట్టాను. మా టీమ్ లీడ్ నెమ్మదిగానే చెప్పారు. "దూరం నుంచి చూస్తే ఆడో మగో తెలియట్లేదు. నడుము చూపిద్దాం. ఇది ఫాంటసీ కదండీ, డ్రాగన్లున్న చోట పొట్ట కనిపిస్తే తప్పా?"

జవాబు నాకు తెలుసు. తొమ్మిదో తరగతి నుంచీ పుస్తకం అట్ట మీద ఉంది. మైకు ఆన్ చేశాను. "ఏమైనా చెప్తున్నారా?" అని అడిగారాయన. "లేదండీ, చేసేస్తాను" అని ఆఫ్ చేశాను.

అందరిలో మాట్లాడలేకపోవడం నా స్వభావం, దానికి క్షమాపణ అడగను. కానీ ఆ తర్వాత ఆయనకి ఉత్తరం రాసి చెప్పొచ్చు. అదీ రాయలేదు. ఆ మధ్యాహ్నమే పొట్ట మీద కవచం నేనే చెరిపేశాను. రెండు గిన్నెలు గీశాను. జుట్టు విప్పేశాను. బొంత తీసేశాను. ఎందుకో పసుపు తాడు మాత్రం ఉంచాను. కింద కట్టడానికేమీ లేదు కాబట్టి, అది దేన్నీ పట్టుకోకుండా ఒంటి పక్కన వేలాడింది.

టీచర్‌కి పాత బొమ్మ ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. ఇదే ఆటలో వస్తుందని చెప్పాను. ఆవిడ దాన్ని కుట్టుమిషను పైన గోడకి అంటించుకున్నారు. వచ్చినవాళ్ళకి చూపించి, "మన పిల్ల కోట కాస్తోందండీ" అనేవారట.

ఈ వేసవిలో ఆట విడుదలైంది. రెండు వారాల తర్వాత మామిడికాయలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అక్కగారు ఫోన్లో భజనలు వింటున్నారు. టీచర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"భజన మధ్యలో అడ్వర్టైజుమెంటులో ఓ పిల్ల వచ్చిందమ్మా. బిగించిన కవచం, పొట్టంతా బయటే. ఎవరో అనుకున్నాను. పసుపు తాడు చూసి పట్టాను. మన పిల్లేనా?"

నేను తలూపాను.

"నా కొలత ఎక్కడ తప్పిందమ్మా? పొట్ట దగ్గర పట్టేసిందా?"

"లేదండీ. వాళ్ళు కొంచెం మార్చారండీ."

"కుదరకేగా మారుస్తారు ఎవరైనా."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. అందులోకి చూస్తూ, "అవునండీ" అన్నాను.

ఆవిడ నవ్వారు. "నా టేపు తప్పు చెప్పినట్టుంది" అన్నారు. లేచి, మామిడికాయలు కడగడానికి దొడ్లోకి వెళ్ళారు. మర్యాదకి అన్నారులే అనుకున్నాను. జాకెట్టు పట్టేసినవాళ్ళతో అన్నట్టే నాతోనూ అన్నారులే అనుకుని, తేలిగ్గా ఊపిరి తీసుకుని ఇంటికొచ్చాను. అదే ఆవిడతో నా చివరి మాట. "అవునండీ."

పదకొండో రోజు కార్యం అయ్యాక వెళ్ళాను. అక్కగారు మంచం కింద నుంచి అట్టపెట్టె లాగి మూత తీశారు. కవచం పొట్ట మీద, ఈ చివర నుంచి ఆ చివరకి, టైలరు సుద్దతో తెల్లటి గీత ఉంది. దాని మీద ఒకసారి చెరిపి మళ్ళీ గీసినట్టు మసగ్గా ఇంకో గీత.

"నువ్వు వచ్చెళ్ళిన రోజే గీసిందమ్మా. ఇంత వరకూ తీసేయాలిట, ఆ ఫోన్లో పిల్లకి లాగ. అప్పుడుగానీ తప్పెక్కడో తెలియదంది. రోజూ కత్తెర పట్టుకుని కూర్చునేది. కత్తిరించనా అక్కా అనేది. నాకేం తెలుసే, నువ్వు కదా నేర్చిందానివి అనేదాన్ని. కొలతల పుస్తకం తెమ్మనేది, నీ అంకె చదవమనేది. మళ్ళీ చదవమనేది. కత్తెర మాత్రం వేయలేకపోయింది."

ఆవిడ మర్యాదకి అనలేదు. ఎప్పుడూ మర్యాదకి అనలేదేమో. ఒళ్ళు చేసినవాళ్ళు తిరిగొచ్చినప్పుడు కూడా, ముందు తన పుస్తకమే తీసి చూసుకున్నారు కదా. మేం నవ్వాం.

మా లీడ్‌కి ఆ వారంలో ఉత్తరం రాశాను. వక్క గురించి, గాడి గురించి, ఎముక గురించి రాశాను. తర్వాతి ఆటకి చూద్దామన్నారు. మంచి మనిషే. అప్పుడు చెప్పినా ఇదే అనేవారేమో, కాదేమో. నాకు తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు.

పెట్టె తెరిచిన ఆ రోజు అక్కగారు, "ఒక్కసారి వేసుకో, చూస్తాను. నీ ఒంటి మీద నేను చూడనే లేదు" అన్నారు. బొంత జాకెట్టు తొడుక్కుని, పైన కవచం వేసుకుని, ఎడమ చెయ్యి ఎత్తాను. ఆవిడ ముందు పసుపు తాడు వెతికి ముడి వేశారు. చెల్లెలు చేయగా చూసి చూసి వచ్చిన అలవాటు కాబోలు, నాలుగు వేళ్ళు కవచం లోపలికి దూర్చి, "ఊపిరి పీల్చు" అన్నారు. పీల్చాను. వేళ్ళు హాయిగా అటూ ఇటూ తిరిగాయి.

"సరిపోయిందా అమ్మా?"

"సరిపోయిందండీ."

"ఆ మాటేదో దానితో అనాల్సింది" అన్నారావిడ. కోపంగా కాదు. గ్యాస్ కట్టేశావా అని అడిగినంత మామూలుగా.

గోడ మీద మిషను పైన నేనిచ్చిన ప్రింటు ఇంకా ఉంది. అందులో కాపలా కాసే పిల్ల పొట్ట నిండా కవచంతో, జడ లోపలికి దోపుకుని, తిన్నగా నన్నే చూస్తోంది. అక్కగారు వేళ్ళు బయటికి తీసి, గీత తగిలి వాటికంటిన సుద్ద చీర చెంగుకి తుడుచుకున్నారు.